చిల్లగింజ పేరు చెప్పిన నీరు తేరునా?

బురదనీటి కుండలో చిల్లగింజను అరగదీసి విడిచినచో కొంతసేపటికి మన్ను అడుగునకు దిగి నీరు తేటపడును. ఈ సంగతి మన పల్లెలలోని ముదుసళ్లు ఎరుగుదురు. ఆ గింజలను అడవినుండి ఏరి సంతకు దెచ్చు గిరిజనులు అంతకంటె బాగుగ ఎరుగుదురు. అయితే కుండయెదుట గూర్చుండి చిల్లగింజ, చిల్లగింజ యని నూరుమారులు పలికినంతమాత్రమున నీరు తేరునా? గింజ చేతికి రావలయును, దానిని అరగదీయవలయును, ఎంత నీటికి ఎంత గింజయో చెప్పగల పెద్ద దాపున నుండవలయును. నేడు మన పాఠశాలలలో వృక్షశాస్త్రబోధనమను పేర జరుగుచున్నది చాలవరకు ఈ నామజపమే యని చెప్పుటకు చింతిల్లుచున్నాము.

బొల్లారమును దృష్టియందుంచుకొని ఈ మాట వ్రాయుచున్నాము. సికింద్రాబాదునకు ఉత్తరముననున్న ఈ దండుపేటలో రాష్ట్రపతి నిలయమున్నది. 1860లో నిర్మింపబడి, రెసిడెంటు దొరలకు విడిదియై, హైదరాబాదు సంస్థానము 1948లో భారతదేశమున చేరిన పిదప జాతీయప్రభుత్వపు వశమై, రాష్ట్రపతికి దక్షిణాదిని విడిదియైన భవనమది. సుమారు 90 ఎకరముల ఆ యావరణలో పండ్లతోటలతోపాటు నూరుజాతులకు మించిన మొక్కలుగల ఔషధవనము గలదు. సర్పగంధి, చందనము, కలబంద, వట్టివేరు, నిమ్మగడ్డి అందు పెరుగుచున్నవి. పూర్వము శీతకాలమున కొలదిదినములు మాత్రమే ప్రజలకు లభించుచుండిన ప్రవేశము 2023 మార్చి మొదలుకొని ఏడాది పొడవునా లభించుచున్నది. ఇది మెచ్చదగిన పని. దీనిని మేము మనసార మెచ్చుచున్నాము.

కాని మెచ్చుకోలుతో ఊరకుండుటకు వీలులేదు. బడిపిల్లలు వరుసలు గట్టి వచ్చి, పేరుపలకలు చదివి, ఛాయాచిత్రములు దీయించుకొని మరలిపోయిన దానిని దర్శనమనవచ్చును; చదువనరాదు. చెట్టు, చెట్టు పెరిగిన నేల, ఆ చెట్టును ఎరిగిన మనిషి - ఈ మూడును కలిసి తరగతిలో అడుగుపెట్టిననే అది విద్యయగును. మన విద్యాధికారులు మొదటిదానిని బొమ్మగా జేసిరి. రెండవదానిని మైదానముగానైన మిగుల్చక సిమెంటుతో గప్పిరి. మూడవవానిని గుమ్మమువెలుపలనే నిలిపిరి. ఈ మూడు తప్పులలో మూడవదియే ఘోరమైనదని మా యభిప్రాయము.

మొదట మన పిల్లల స్థితిని జూతము. వినాయకచవితినాడు 21 పత్రులతో పూజ చేయుట మన యిండ్లలో ఆచారము. మాచీపత్రము, బృహతీపత్రము, అపామార్గపత్రము, సింధువారపత్రము, అర్కపత్రము అని పూజాపుస్తకమున జూచి చదువుచునే యున్నాము. అపామార్గమనగా ప్రహరిగోడ మొదట బట్టల కంటుకొను ఉత్తరేణియనియు, సింధువారమనగా వాగుగట్టున మొలచు వావిలియనియు, అర్కమనగా త్రోవప్రక్కన తెల్లని పాలు గారు జిల్లేడనియు ఎందరు బాలురు చెప్పగలరు? అంగడిలో కట్టగట్టి యమ్ము ఆకులలో ఏది ఏదియో ఎరుగక, అమ్మువానికిని తెలియక, కొనువానికిని తెలియక, దేవునికి మాత్రమే తెలియునని సమర్పించి వచ్చుచున్నాము. బతుకమ్మకు పేర్చు తంగేడును గునుగును సయితము నేడు పట్టణబాలికలు కొన్నపువ్వులుగనే యెరుగుదురు. తంగేడు తెలంగాణమునకు రాష్ట్రపుష్పము, జమ్మి రాష్ట్రవృక్షము. పోటీపరీక్షకు ఈ రెండు మాటలు కంఠస్థము చేయని విద్యార్థి లేడు; జమ్మిచెట్టునకు తుమ్మచెట్టునకు భేదమేమని అడిగిన చెప్పగలవాడు అరుదు.

ఇందు పిల్లల దోషము లేశమును లేదు. కిరణజన్య సంయోగక్రియను సమీకరణముతో సహా వ్రాయగలిగిన బాలునకు ఆ క్రియ నడచుచున్న ఆకు ఒక్కటియు పరిచయము లేకున్నచో, ఆ దోషము వానికి ఆకు చూపని మనది. తుమ్మికూర, దొగ్గలికూర, జొన్నచెంచలి చేలలో విత్తకయే మొలచి, పంట తక్కువైన సంవత్సరములలో పేదకుటుంబముల ప్రాణములు నిలిపిన ఆకుకూరలు. వానినన్నిటిని కలుపుమొక్కలను ఒక్కమాటక్రింద జమకట్టి పెరికివేయుట నేర్పినది మన పాఠ్యపుస్తకపు సంస్కారమే.

ఈ విజ్ఞానము అల్పమైనదని కొందరు నవ్వుదురు. అట్టివారికి మన తెలుగుదేశపు చరిత్రనే చూపుచున్నాము. ఈస్టిండియా కంపెనీవారి వైద్యుడు విలియం రాక్సుబర్గు 1780 దరిదాపు మొదలుకొని 1793లో కలకత్తా వనమునకు బోవువరకు గోదావరిసీమలోని సామర్లకోటయందుండి మన మొక్కలను పరిశీలించెను. 1795 మొదలుగా వెలువడిన ఆయన కోరమండలతీరపు మొక్కల గ్రంథములో 300 చిత్రపటములు గలవు. ఆ బొమ్మలు వ్రాసినవారు మనదేశపు చిత్రకారులు. ఆయన మొక్కలకు తెలుగుపేర్లు అడిగి వ్రాసికొనెను. జ్వరమునకు బెరడు వాడు సోమిదచెట్టు నేటికిని శాస్త్రభాషలో సోయ్‌మిడా ఫెబ్రిఫ్యూగా అనియే పిలువబడుచున్నది. వలసుర చెట్టు వాల్సురాయై లాటినులో చేరినది. సోమిదయను తెలుగుమాట లాటినుభాషలో బ్రతికియున్నది, మన తరగతిగదిలో చచ్చిపోయినది. ఇంతకంటె సిగ్గుచేటు వేరొకటి గలదా?

రాక్సుబర్గునకు ఆ పేర్లు చెప్పినవారెవరు? బెరడు ఎప్పుడు గొట్టవలయునో, ఎట్లు కాచవలయునో చూపిన చేతులెవరివి? ఆ గ్రంథపు పేరుపుట దొర పేరును మాత్రమే మోయుచున్నది. ఆయనకు నూరేండ్లు ముందు మలబారున డచ్చి అధికారి వాన్ రీడ్ వెలువరింపజేసిన 12 సంపుటముల హోర్తుస్ మలబారికుస్ గ్రంథమున ఇట్టి అచ్యుతన్ అను ఈళవ వైద్యుని సాక్ష్యపత్రము ఆయన పేరుతోనే అచ్చువేయబడినది. ఎరిగినవానిని పేరుపెట్టి గౌరవించుట పదునేడవ శతాబ్దిలోనే సాధ్యమైనప్పుడు, స్వతంత్రభారతమున మన పాఠ్యపుస్తకములకు ఏల సాధ్యము కాదు?

ఇంక మూఢవిశ్వాసమను ఆక్షేపణమును విచారింతము. ఆకుపసరు పేర పిల్లలకు అంధవిశ్వాసములు నేర్పుదురాయని నాగరకులు అడుగుచున్నారు. ఆ భయము నిరాధారమైనది కాదు. పసరుమందుతో కాలహరణము చేసి పాముకాటు రోగిని పోగొట్టుకొనిన కుటుంబములు మన పల్లెలలో గలవు. పాముకాటునకు మందు ఆసుపత్రిలోని విషహరసూదియే గాని వేరొకటి గాదని మేము నిస్సంకోచముగ చెప్పుచున్నాము. అట్లని మొక్కలవిద్యనంతను మూఢత్వమని త్రోసివేయువాడు బొల్లారపు తోటలోని సర్పగంధియెదుట కొంచెము నిలువవలయును. తరతరములుగ మన వైద్యులు వాడుచుండిన ఆ వేరునుండియే 1931లో సలీముజ్జమాన్ సిద్దీఖీ అజ్మలీనును వేరుచేసి, హకీం అజ్మల్ ఖాను పేర దానికా పేరిడెను. బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీలు ఆ వేరు రక్తపుపోటును తగ్గించుటను పరీక్షించి 1949లో బ్రిటిషు హృద్రోగపత్రికలో ప్రకటించెను. 1952లో దానినుండి రిసర్పిన్ వేరుచేయబడి ప్రపంచమంతట మందైనది. చీనాదేశపు తూ యూయూ క్రీస్తుశకము నాల్గవ శతాబ్దినాటి వైద్యగ్రంథములో మాచిపత్రి కుదురునకు జెందిన మొక్కను గూర్చిన మాట చదివి, పరీక్షించి, మలేరియాకు మందు గనిపెట్టి 2015లో నోబెలు బహుమానము పొందెను. పాతమాటను పరీక్షకు నిలుపుట శాస్త్రము. వినకయే త్రోసిపుచ్చుటయు ఒకవిధమైన మూఢత్వమే.

మరియు తెలియమియే సురక్షితమని భ్రమింపరాదు. గన్నేరు మన వీధులలో సొగసుకొరకు నాటబడినది. దాని కాయ, ఆకు, పాలు విషము. గురివిందగింజ ఎఱ్ఱగ మెరసి పిల్లవాని నోటిని పిలుచును. నమలి మ్రింగిన ప్రాణాపాయము. ఉమ్మెత్తకాయ సంగతి చెప్పనక్కరలేదు. సీతాఫలపు గింజలపొడి పేలను జంపునని అవ్వలెరుగుదురు. అది కంటబడిన కన్నునకు హానియనియు ఆ యవ్వలే హెచ్చరింతురు. మందును విషమును ఒకే నోట చెప్పు విద్య ఇది. దీనిని తరగతినుండి వెడలగొట్టి పిల్లలకు మనము చేసిన రక్షణమేమి?

దేశీయమను మాటను సంకుచితముగ పట్టుకొనుటయు మాకు సమ్మతము గాదు. హైదరాబాదు రాళ్లగుట్టలనడుమ పండి పేరుగాంచిన సీతాఫలము సముద్రములు దాటి అమెరికానుండి వచ్చినది. మన మిరపకాయయు నంతే. గాయమునకు ఆకురసము పిండు గడ్డిచామంతియు పరదేశమునుండి వచ్చినదే. వయ్యారిభామ గత శతాబ్దపు నడుమ వచ్చి, చేలను బీళ్లను ఆక్రమించి, ముట్టినవారికి దురదయు, కొందరికి ఉబ్బసమును గలిగించుచున్నది. వచ్చినవానిలో ఏది మనదైనది, ఏది శత్రువైనది యని మన ముదుసళ్లు చూచి, వాడి, తేల్చుకొనిరి. ఈ వివేచనయే పిల్లలకు నేర్పవలసినది. ఈ దండుపేటలకు దాపుననే బేగంపేటలో 1897 ఆగస్టు 20న రోనాల్డు రాస్ దోమకడుపులో మలేరియా పురుగును కనుగొనెను. ఆయన దానిని పుస్తకములో వెదకలేదు. ఇచ్చటి దోమలను కోసి చూచెను. కాళ్లక్రిందనున్న నేలను చదువు దృష్టియే ఆయనకు శాస్త్రమును ప్రసాదించినది.

ఇచ్చట ఒక గొప్ప చిక్కు గలదు. దానిని దాచక చెప్పవలయును. విద్యను బడికి దెమ్మనుట సులభము. ఎవరి విద్యను, ఎవరి యనుమతితో, ఏ ప్రతిఫలమిచ్చి తేవలయును? 1995లో అమెరికాదేశమున పసుపు గాయమును మాన్పునను సంగతికి పేటెంటు ఇయ్యబడినది. మన శాస్త్ర పారిశ్రామిక పరిశోధన మండలి పాతగ్రంథములను, అచ్చయిన వ్యాసములను సాక్ష్యముగ జూపి పోరాడగా 1997లో అది రద్దయినది. వేప విషయమున ఐరోపా పేటెంటు కార్యాలయములో జరిగిన పోరాటము 2000లో గెలిచి, 2005లో స్థిరపడినది. అవి విజయములే. అయితే పసుపును రక్షించినది కాగితము. నల్లమలలో చెంచు ముదుసలి నోటనున్న మాటకు కాగితము లేదు. రేపు ఎవరైన దానిని వ్రాసికొనిపోయి తమ సొత్తని చెప్పినచో సాక్ష్యమెక్కడ దొరకును?

అందుచేత వెంటనే అన్నిటిని వ్రాసి అచ్చువేయుదమని కొందరందురు. ఇందును అపాయము గలదు. 2002 నాటి జీవవైవిధ్యచట్టము మొక్కలవిద్యను వాడుకొను వ్యాపారులు ఆ విద్య గలవారికి లాభములో పాలు పంచవలయునని నియమించెను. 2023లో ఆ చట్టమును సవరించి, గ్రంథస్థమైన సంప్రదాయజ్ఞానమును వాడుకొనువారికి ఆ బాధ్యతనుండి మినహాయింపునిచ్చిరి. నోటనున్న విద్యకు సాక్ష్యము లేదు. గ్రంథమెక్కిన విద్యకు ప్రతిఫలము లేదు. పేద గిరిజనుడు ఏ ద్వారమున బోయినను నష్టమే! ఇట్టి కాలమున పిల్లలచేత అడవివిద్యను సేకరింపజేసి, ఆ పుస్తకమును బజారున బెట్టుట విద్యాదానము గాదు; చౌర్యమునకు దారి చూపుట.

న్యాయమైన మార్గము లేకపోలేదు. 1987లో కేరళమందలి అగస్త్యగిరులలో పరిశోధకులకు దారి చూపుచుండిన కాణి తెగవారు ఒక చిన్న పండును దినుచు అలసట లేక నడచుచుండిరి. ఆరోగ్యపచ్చయను ఆ మొక్కనుండి తిరువనంతపురపు ఉష్ణమండల వృక్షోద్యానసంస్థవారు జీవనియను మందును తయారుచేసి, దానిని చేయు హక్కును ఒక వైద్యశాలకు విక్రయించినప్పుడు, వచ్చిన ధనములో సగము కాణితెగకు జెందునట్లు ఏర్పాటుచేసిరి. ఆ యేర్పాటులో లోపములు, తగవులు లేకపోలేదు. ఐనను ఎరిగినవానికి పాలున్నదను సూత్రము నిలిచినది. 2006 నాటి అటవీహక్కుల చట్టమును అడవిబిడ్డల సంప్రదాయజ్ఞానముపై వారి సమష్టిహక్కును అంగీకరించినది. అడుగుట, చెప్పుట, ఇచ్చుట - ఈ మూడు మర్యాదలు బాలునకు మొదటిపాఠముగ నేర్పిన పిమ్మటనే రెండవపాఠముగ ఆకును చేతికీయవలయును.

ఇప్పుడు మూడవ తప్పును, మేము ఘోరమైనదన్న దానిని, పరిశీలింతము. కన్నడదేశమున హాలక్కి తెగకు జెందిన తులసి గౌడ బడిమొగము చూచినది కాదు. అడవిశాఖవారి నారుమళ్లలో దశాబ్దములు కూలిపని చేసినది. ఏ తల్లిచెట్టు గింజ ఎప్పుడు ఏరవలయునో, ఏ మొలక ఎట్లు లేచునో ఆమెకు కరతలామలకము. 2020వ సంవత్సరపు పద్మశ్రీని 2021 నవంబరులో ఆమె పాదరక్షలు లేని కాళ్లతో నడచివచ్చి రాష్ట్రపతిభవనమున స్వీకరింపగా దేశమెల్ల చేతులు జోడించినది. 2024 డిసెంబరులో ఆమె కన్నుమూసినది. మేమడుగునది యేమన: ఆమె జీవించియున్న కాలమున మన దేశములోని ఏ ప్రభుత్వపాఠశాలయైన ఆమెను వృక్షశాస్త్ర ఉపాధ్యాయినిగ నియమింపగలిగెడిదా? నియమింపజాలదు. ఆమెకు పట్టము లేదు, బోధనాశిక్షణపత్రము లేదు. దేశమునకు పద్మశ్రీయైనది తరగతికి అనర్హురాలు! పతకమిచ్చు చేయియు, గుమ్మమున అడ్డగించు చేయియు ఒక్క ప్రభుత్వమువే. రాష్ట్రపతి ఢిల్లీలో గౌరవించిన విద్యకు రాష్ట్రపతి విడిదియున్న బొల్లారములో ఒక పలకయు ఒక తోటయు మాత్రమే దొరకిన, ఆ గౌరవము సగమే యగును.

ఈ పద్ధతికి మన గడ్డపైననే పూర్వోదాహరణము గలదు. 1940లో జోడేఘాట్ కొండలలో కొమరం భీము అమరుడైన పిమ్మట నిజాము ప్రభుత్వము గోండుల స్థితిని విచారింప క్రిస్టఫ్ హైమెన్‌డార్ఫు అను పండితుని నియోగించెను. 1943లో ఆదిలాబాదు జిల్లా మార్లవాయిలో గోండు విద్యాపథకము ఆరంభమైనది. గోండులనే ఉపాధ్యాయులుగ శిక్షణయిచ్చి, గోండిభాషలోనే వాచకములు వ్రాయించిరి. నిరంకుశమనబడిన ప్రభుత్వమునకు ఆ కాలమున తోచిన సంగతి, స్వతంత్రులమైన మనకు తోచకుండుట యేమి? భీము పేరిట నేటికిని నినదించు జల్, జంగల్, జమీన్ అను మూడుమాటలు హక్కులపట్టిక మాత్రమే కావు. అవి ఒక పాఠ్యప్రణాళిక. నీటిని ఎరుగుట, అడవిని ఎరుగుట, నేలను ఎరుగుట గాక విద్యయేది?

నేలవిద్యకు దేశమున మరియొక గొప్పపునాది పడినది. 1937లో వార్ధాలో గాంధీమహాత్ముడు సమావేశపరచిన విద్యావేత్తలు చేతిపనిద్వారా మాతృభాషలో విద్య గరపవలయునని నిర్ణయించిరి. ఆ ప్రణాళికను వ్రాసిన సంఘమునకు అధ్యక్షుడు హైదరాబాదున జన్మించిన జాకీర్ హుసేను. ఆయనయే 1967లో రాష్ట్రపతియయ్యెను. బొల్లారపు భవనము ఆయన విడిదియు నయ్యెను. మరి ఆ నయీతాలీము ఏమైనది? పేదపిల్లలకు రాట్నపుబడి, కలవారి పిల్లలకు ఇంగ్లీషుబడి అని విడదీసితిమి. కలవారు తమ బిడ్డలను పంపని బడి ఎంత మంచిదైనను తక్కువదిగనే పరిగణింపబడును. తుదకది కృశించిపోయినది. ఆకులవిద్యకును ఇదే గతి పట్టరాదు. గిరిజనపాఠశాలలకు మాత్రమే అడవిపాఠము విధించి, బొల్లారపు ఇంగ్లీషుబడులను విడిచిపెట్టుట మరల ఆ తప్పునే చేయుట. బీద బాలునకు వలసినదేదో ధనిక బాలునకును అదియే వలయును.

ఇట్టి చదువు ఊహామాత్రమని నిరాశ చెందనక్కరలేదు. జహీరాబాదు దాపున పస్తాపురములో దక్కను అభివృద్ధిసంఘపు స్త్రీలు, వారిలో పెక్కుమంది దళితులు, సజ్జ, కొర్ర, జొన్న, కంది మొదలగు చిరుధాన్యముల, పప్పుల విత్తనములను మట్టికుండలలో వేపాకులతో, బూడిదతో కాపాడుకొనుచు వచ్చిరి. ఆ సంఘమువారు 1993లో మాచునూరు గ్రామమున పచ్చసాల యను బడిని నెలకొల్పి, చదువుతోపాటు సేద్యము, మూలికావైద్యము, చేతిపనులు నేర్పిరి. 2019లో ఆ సంఘమునకు ఐక్యరాజ్యసమితివారి ఈక్వేటరు బహుమానము లభించినది. విదేశములవారు గుర్తించినదానిని పక్కనున్న రాజధానీనగరపు విద్యాధికారులు గుర్తింపవలదా?

కేంద్రప్రభుత్వపు 2020 జాతీయవిద్యావిధానము గిరిజనజ్ఞానమును పాఠ్యములలో చేర్చవలయుననియు, 6 మొదలు 8 వరకు తరగతుల పిల్లలు పదిదినములు సంచిలేక బడికి వచ్చి తోటమాలి, కుమ్మరి, వడ్రంగి వంటి స్థానికనిపుణులయొద్ద నేర్చుకొనవలయుననియు వ్రాసియున్నది. 2019లో పాఠశాలలలో పోషణతోటలకు మార్గసూచికలు వెలువడినవి. కాగితమున కొరతలేదు. కాగితమునకు కాళ్లు లేవు, అదియే కొరత. పదిదినములలో రెండు దినములు వనవిహారమై, రెండు దినములు ఉపన్యాసమై, తక్కినవి పరీక్షలకు బలియగుచో, సంచి లేకపోయిన దినములు మిగులును గాని చదువు మిగులదు.

ఉద్యోగములెట్లు వచ్చునని తలిదండ్రులడుగుదురు. న్యాయమైన ప్రశ్నయే. పిల్లవానికి ఇంగ్లీషు వలదనిగాని, గణితము వలదనిగాని మేమనుట లేదు. ఒక ఆకును చూచి, దాని కాలమును, నేలను, గుణమును, దోషమును గమనించి, ముదుసలి చెప్పినదానిని వ్రాసి, నిజమా కాదాయని పరీక్షించి చూడగలిగిన పిల్లవాడు ఏ శాస్త్రములోనైన వెనుకబడునా? రెండుకుండలలో బురదనీరు పోసి, ఒకదానిలో చిల్లగింజ అరగదీసి, ఏది ఎంతసేపటికి తేరినదో గడియారము జూచి వ్రాసికొను బాలిక ప్రయోగశాస్త్రపు మొదటిమెట్టు ఎక్కినది. తేరిన నీటినైనను కాచిగాని త్రాగరాదని, కంటికి కానరాని క్రిములు తేటనీటిలోను ఉండునని నేర్చుకొనిన దినమున రెండవమెట్టు ఎక్కును. అవ్వమాటయు సూక్ష్మదర్శినియు ఒకే బల్లపై నుండుటయే మా కోరిక.

పట్టణమున నేలయెక్కడిదని మరికొందరందురు. ఇతర పేటలవారు ఈ మాటయనిన వినవచ్చును, బొల్లారమువారు అనరాదు. దండుపేట నేలలలో నేటికిని వేపలు, చింతలు, మఱ్ఱులు నీడనిచ్చుచున్నవి. బడిగోడవెంట మూడుమూరల నేల చాలును, ఉత్తరేణికి, తుమ్మికి, నేలఉసిరికి. రాళ్లనడుమ తంగేడు ఎవరినడిగి మొలచుచున్నది? నేల లేకపోవుట గాదు. నేలను నేలగా చూడనేరకపోవుట మనకు పట్టిన తెగులు.

కావున బొల్లారపు పాఠశాలల యాజమాన్యములను, విద్యాశాఖను, రాష్ట్రపతి నిలయపు పాలకులను మేము స్పష్టముగ కోరునది యిది. నిలయపు ఔషధవనమును చూచుటకు మాత్రమే గాక చదువుటకు దెరువుడు. ఋతువు ఋతువునకు అదే తరగతి అదే చెట్టుకడకు వచ్చి, చిగురు, పూవు, కాయ, గింజ వరుసగ వ్రాసికొనునట్లు దినములు కేటాయింపుడు. పేరుపలకపై లాటినుపేరుక్రింద తెలుగుపేరును, ఆ చెట్టు తమ యడవులలో నున్న గోండు, కోయ, చెంచువారల పిలుపును వ్రాయింపుడు. ఎరిగినవారిని పిలువుడు, వారికి శాలువ గప్పి పంపివేయక, నెలకు నిర్ణీతవేతనముతో ఉపాధ్యాయస్థానమీయుడు, పట్టము లేదను అడ్డును ఈ యొక్క విద్యకైన తొలగింపుడు. వారు చెప్పవలదన్న సంగతిని అడుగకుడు, వ్రాయకుడు. ప్రతి బడియు తన గోడవెంట ఒక మడిచెక్కను పిల్లలచేతికి విడిచి, అందు మొలచినదానిని పెరుకుటకు ముందు దాని పేరు తెలిసికొను నియమమును పెట్టుడు.

ద్రౌపది ముర్ము 2022లో రాష్ట్రపతిపదవి స్వీకరించిన సంతాలు ఆడుబిడ్డ. రాయరంగపురమున పిల్లలకు పాఠములు చెప్పిన ఉపాధ్యాయిని. అడవితెగలో బుట్టి, బడిలో పనిచేసి, ఆ యున్నతపీఠమెక్కిన వ్యక్తి పాలనలో ఏడాది పొడవునా దెరువబడిన ద్వారము ఇది. ఆ ద్వారమున టిక్కెట్టు కొనిన సందర్శకుడు లోపలికి బోవుచున్నాడు. అడవివిద్య నెరిగిన గురువు లోపలికి బోవు దినమెప్పుడు?

పఠనమందిరములలో ఈ పుటను చదువు మహాశయులకు ఒక్కమాట. ప్రభుత్వము చేయువరకు మనము చేతులు ముడుచుకొని కూర్చుండనక్కరలేదు. గోదావరియొడ్డున పోలవరపు ముంపునకు గురియైన కొండరెడ్ల, కోయల గూడెములతోపాటు ఎన్ని మొక్కల పేర్లు నీటిపాలగుచున్నవో లెక్కించినవారు లేరు. నల్లమలలో యురేనియపు త్రవ్వకములు వలదని 2019లో తెలంగాణ శాసనసభ తీర్మానించుటకు ప్రజల గొంతుకయే కారణము. అడవిని కాపాడిన గొంతుక అడవివిద్యను కాపాడుటకు మూగపోరాదు. మన యింటనే యున్న అవ్వయొద్ద నేడే పదిమొక్కల పేర్లు అడిగి, మన బిడ్డను వెంటబెట్టుకొని వానిని వెదకి చూపుదము. అవ్వ పోయిన పిదప ఆ పేర్లు ఏ నిఘంటువునందును దొరకవు. దొరకినను, చూపుటకు వ్రేలుండదు.